గండికోట దగ్గర వంకలో రెండో దిగుడుకు చెట్టు లేదు, ఇరుక్కున్న రాయికి తాడు కట్టవచ్చా?

పెన్న ఒడ్డు (జమ్మలమడుగు) ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది జమ్మలమడుగు. ప్రొద్దుటూరులో బడిపిల్లలకు లెక్కలు చెబుతాను. రెండేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా తాడు మీద కొండ అంచులు దిగడం నేర్చుకుంటున్నాను. ఇప్పటివరకు దిగినవన్నీ ఒక్క దిగుడుతో అయిపోయేవే. పైన మనిషి ఉంటాడు, తాడు పైనే ఉంటుంది, కింద నుంచి నడిచి బయటికి వచ్చేస్తాం. ఇప్పుడు నేను మనసు పడిన చోటు అలాంటిది కాదు.

గండికోట కోటగోడకు బాగా ఎడంగా, ఎర్రమల కొండల మీద నుంచి పెన్న లోయలోకి పడే చిన్న వంక ఒకటుంది. ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయే ఉంటుంది. కిందికి పోయేకొద్దీ ఇరుకవుతుంది. ఒకచోట రెండు చేతులూ చాపితే అరచేతులు రెండు గోడలకూ ఆనుతాయి. పొద్దున పదకొండు దాటితే గానీ అడుగున ఎండ పడదు. పడిన అరగంటలోనే ఎర్రరాయి అంతా లోపల దీపం పెట్టినట్టు అవుతుంది. చిన్నప్పటి నుంచి కోట మీద నిలబడి పెన్నను చూసినవాణ్ణే, అయినా ఈ కొండను లోపలి నుంచి చూడటం అదే మొదటిసారి. ఇంటికొచ్చాక రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు.

వంకలో రెండు దిగుళ్లున్నాయి. మొదటిది 18 మీటర్లు. రాయి కట్టిన పురికొస వదిలి కొలిచాను. దాని తల మీద జువ్విచెట్టు ఉంది, మొదలు నా నడుమంత లావు, వేళ్లు బండ నెర్రెలోకి దిగిపోయాయి. పోయిన ఆదివారం దానికి తాడు కట్టి దిగాను. తాడు తీయకుండా అలాగే ఉంచి, అడుగున నలభై అడుగులు నడిచి రెండో దిగుడు అంచుదాకా వెళ్లి చూశాను. తర్వాత అదే తాడు పట్టుకుని, దాన్ని కరిచిపట్టి కిందికి జారనివ్వని పిడి అయిన జుమార్‌తో పైకి ఎక్కి వచ్చాను. రెండో దిగుడు 11 మీటర్లు. అక్కడ చెట్టు లేదు, పొద కూడా లేదు. అంచుకు రెండు మీటర్ల వెనుక, రెండు గోడల మధ్య నా మోకాలి ఎత్తున ఒక రాయి ఇరుక్కుని ఉంది. రుబ్బురోలంత ఉంటుంది. కింద ఖాళీ, ఇసుక కనబడుతుంది. రెండు చేతులతో ఊపాను, కదల్లేదు.

మేం నలుగురం. 60 మీటర్ల స్టాటిక్ (పెద్దగా సాగని) తాడు ఒకటి, అంగుళం వెడల్పు నైలాన్ వెబ్బింగ్ (చదును పట్టీ) 20 మీటర్లు ఉన్నాయి. ఆ రాయిని నమ్మవచ్చా? నా మిత్రుడొకడు ఈ అనుమానాలన్నీ ఎందుకు, డ్రిల్లు తెచ్చి గోడకు బోల్టు వేసేద్దాం అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. నవంబరులో వెళ్లాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

తుంగభద్ర (కర్నూలు) జవాబు:

తమ్ముడూ, ముందు ఒక మాట. మొదటి తాడు తీయకుండా రెండో దిగుడు దాకా నడిచి చూసి వచ్చానన్నావు చూడు, అది చదివాకే నీకు జవాబు రాయాలనిపించింది. ఇలాంటి చోట్ల ప్రాణం పోసేదీ తీసేదీ ఆ పనే. పైన కట్టిన తాడును కిందికి లాగేసుకున్నాక వెనక్కి దారి ఉండదు. రెండో దిగుడుకు ఏం కట్టాలో తెలియకుండా మొదటి తాడు లాగడం అంటే, మెట్లు లేని బావిలోకి దిగి నిచ్చెన తీయించేసుకోవడమే.

నేను ఉద్యోగం మీద ఏడేళ్లు అమెరికాలో యూటా రాష్ట్రంలో ఉన్నాను. అక్కడి ఎడారి కాన్యన్లలో, అంటే ఇరుకు లోయల్లో, తాళ్లతో దిగడం నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. చాలాచోట్ల బోల్టులు ఉండవు. చెట్టు, బండరాయి, గోడల మధ్య ఇరుక్కున్న రాయి, ఏదీ లేకపోతే ఇసుకలో పాతిన రాయి, అదీ కుదరకపోతే కూర్చుని కాళ్లు తన్నిపెట్టిన మనిషి. వీటితోనే దిగుతారు. అక్కడిది ఇసుకరాయి. మెత్తన. వాన పడి తడిస్తే ఇంకా బలం పోతుంది. తాళ్లు లాగి లాగి అంచుల్లో వేలు పట్టేంత గాడులు పడి ఉంటాయి, మన పాత బావుల ఒరల మీద చేంతాడు ఒరిపిడికి పడిన గాడుల్లాగే. గండికోట రాయి అది కాదు. క్వార్ట్‌జైట్, చాలా గట్టిది. కాబట్టి రాయి అరుగుతుందన్న భయం తక్కువ, తాడు తెగుతుందన్న భయం ఎక్కువ. విరిగిన చోట దాని అంచు కత్తిలా ఉంటుంది. రెండు మూడు మడతలు వేసిన గోనెసంచి గానీ, పాత జీన్సు కాలు గానీ అంచు మీద పరిచి, అది జారిపోకుండా పురికొసతో కట్టు.

ఇక ఆ రుబ్బురోలు సంగతి. ఊపితే కదలలేదన్నావు. ఊపడం పరీక్ష కాదు. నీ చేతులు దాన్ని పక్కకి ఊపాయి. తాడు దాన్ని ముందుకీ కిందికీ లాగుతుంది. అది ఎటు నుంచి ఎటు ఇరుక్కుందో మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూడు. గోడలు కిందికి పోయేకొద్దీ, అంచువైపు పోయేకొద్దీ దగ్గరపడుతుంటే, లాగినకొద్దీ రాయి ఇంకా బిగుసుకుంటుంది. అలాంటిది బంగారం. గోడలు అంచువైపు విచ్చుకుంటుంటే మాత్రం ఆ రాయి ఏనుగంత ఉన్నా వద్దు. రాయి రెండు గోడలనూ ఎక్కడెక్కడ తాకుతోందో వేలితో తడిమి చూడు. ఒకవైపు నిండుగా ఆని, రెండోవైపు చిన్న మొన మీద నిలబడి ఉంటే, ఆ మొన చిట్లిన రోజు అంతా అయిపోయినట్టే. మధ్యలో చిన్న రాళ్లో, వరద తెచ్చిన కట్టెలో ఉండి వాటి మీద కూర్చుని ఉంటే అది ఇరుక్కున్న రాయి కాదు, ఆగిన రాయి.

2003 ఏప్రిల్‌లో యూటాలోని బ్లూజాన్ కాన్యన్‌లో ఆరన్ రాల్‌స్టన్ అనే యువకుడు దిగుతుంటే, గోడల మధ్య ఇరుక్కుని ఉన్న రాయి అతని బరువుకు కదిలింది. కుడిచేతిని గోడకు నొక్కేసింది. ఎక్కడికి వెళుతున్నాడో ఎవరికీ చెప్పలేదు కాబట్టి వెంటనే వెతికేవాళ్లు రాలేదు. అయిదు రోజులకు తన ముంజేయి తానే కోసుకుని, ఒంటిచేత్తో దాదాపు 20 మీటర్ల నిలువు దిగుడు తాడు మీద దిగి బయటపడ్డాడు. ఆ రాయి అంతకుముందు ఎన్నేళ్లుగా అక్కడ ఉందో ఎవరు చెప్పగలరు? అతను బరువు వేసిన క్షణం వరకు అదీ కదలని రాయే.

కట్టడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను పొరపాటు చేసింది అక్కడే. వెబ్బింగ్‌ను రాయి చుట్టూ తిప్పి రెండు కొసలనూ నీటిముడితో కలపాలి. ఒక కొసను వదులుగా మామూలు ముడి వేసి, రెండో కొసను ఎదురువైపు నుంచి అదే దారిలో పక్కపక్కనే పోనివ్వాలి. పట్టీ ఎక్కడా మెలిపడకూడదు. కనీసం నాలుగు వేళ్ల కొస మిగలాలి. తర్వాత మనిషి వేలాడినంత బరువుతో గుంజి బిగించాలి. ఈ ముడికి ఒక గుణం ఉంది, బరువు పడుతూ వదులుతూ ఉంటే కొసలు కొంచెం కొంచెంగా లోపలికి జారుతాయి. నేను ఒకసారి రెండు వేళ్ల కొస వదిలి కట్టాను. ముగ్గురు దిగాక చివరగా నా వంతు వచ్చింది. అలవాటుగా చూశాను. ఒక కొస గోరంత మిగిలి ఉంది. అది చూసినప్పుడు ఒంట్లో రక్తం చల్లబడటం అంటే ఏమిటో తెలిసింది. ఆ ముడి మళ్లీ విప్పి కట్టడానికి నా వేళ్లు పావుగంట తీసుకున్నాయి.

ఉచ్చు మరీ బిగుతుగా కట్టకు. ఉచ్చు రెండు పాయలూ విచ్చుకుని 120 డిగ్రీల కోణం వస్తే ఒక్కో పాయ మీదా పూర్తి బరువు పడుతుంది. నువ్వు లెక్కల మాస్టారివి, బొమ్మ గీసుకుంటే నీకే తెలుస్తుంది. 60 డిగ్రీల లోపు ఉంచు. ఉచ్చులో ఉక్కు రాపిడ్ లింక్ (మర తిప్పి మూసే కొలికి) వేసి, తాడును అందులోంచే పోనివ్వు. లింక్ అక్కడే వదిలేసి పోవాలి, ఆ డబ్బుకు ఆశపడకు. నేరుగా వెబ్బింగ్‌లోంచి తాడు లాగితే నైలాన్ మీద నైలాన్ ఒరుసుకుని, ఆ వేడికి పట్టీ కరిగి తెగే ప్రమాదం ఉంది.

దిగే వరుస కూడా ముఖ్యం. రాయికి కట్టిన ఉచ్చు మీదే బరువంతా పడేలా చూసి, దాని వెనుక ఒక మనిషి గోడలకు కాళ్లు తన్ని కూర్చుని, తన హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీ) నుంచి తాడుకు ఇంకో పట్టీ వదులుగా తగిలించుకోవాలి. వదులుగా అన్న మాట మరిచిపోకు. బిగుతుగా ఉంటే బరువు మనిషే మోస్తాడు, రాయికి పరీక్ష జరగదు. అందరికన్నా బరువైనవాడు, సంచులతో సహా, ముందు దిగాలి. అతని బరువుకు రాయి వెంట్రుకవాసి కదిలినా కూర్చున్న మనిషి పట్టుకుంటాడు. అలా ఒక్కొక్కరూ దిగాక, అందరికన్నా తేలికైనవాడు చివర. అతని వెనుక ఎవరూ ఉండరు. అతను దిగే ముందు కింద ఉన్నవాళ్లు తాడు లాగి చూడాలి, సాఫీగా కదులుతోందా లేక ఎక్కడైనా నొక్కుకుంటోందా అని. నొక్కుకుంటే సరిచేయగలిగేది పైనున్న ఆ ఒక్కడే.

మీ నలుగురిలో తేలికైనవాడెవరు? అతని కళ్లతో ఆ రాయిని చూడండి.

బోల్టు సంగతి: వద్దు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చట్టం అటుంచినా, చెట్టూ రాయీ చాలే చోట కొండకు కన్నం వేయడం నాకూ మనసొప్పదు. నవంబరు మంచిదే, ఎండ తగ్గుతుంది.

ఉలి (ఎర్రగుంట్ల) జవాబు:

కర్నూలు అన్న చెప్పినదంతా సరే. మాది బండల గనుల ఇల్లు. మా తాత, నాన్న కడప బండలు తీసినవాళ్లు, నేనూ పదేళ్లు సుత్తి పట్టినవాణ్ణి. మీ రాయి వేరే జాతి, మా సున్నపురాయిలా పొరలు పొరలుగా లేవదు. అయినా రాయి రాయే. దానికి నోరుంది.

అరకిలో సుత్తి తీసుకుపోండి. గట్టిగా కొట్టకండి, తలుపు తట్టినట్టు తట్టండి. రెండో చేయి అరచేయి రాయి మీద ఆనించి ఉంచండి. ఒంటిరాయి అయితే ఖంగుమంటుంది, ఆ అదురు అరచేతికి ఒక్కసారి తగిలి పోతుంది. లోపల నెర్రె ఉంటే పగిలిన కుండ మోత వస్తుంది, అదురు అరచేతికి చేరదు. ఒకచోట తట్టి సరిపెట్టుకోకండి. నాలుగువైపులా, ముఖ్యంగా గోడను తాకే చోట్ల పక్కన తట్టండి. ఆ రెండు గోడలనూ తట్టండి. రాయి గట్టిదైనా దాన్ని పట్టుకున్న గోడ పెచ్చు గుల్లయితే ఏం లాభం?

ఇంకొకటి. మా నాన్న పెద్ద బండ కింద మనుషులను పెట్టే ముందు చేసే పని ఇది. రాయికీ గోడకూ మధ్య అతుకు మీద బంకమట్టి పలుచగా పూయండి, రెండువైపులా. రెండు మూడు గంటలు ఆరనివ్వండి. తర్వాత ఉచ్చు వేసి, ఇద్దరు మనుషులు అంచుకు దూరంగానే నిలబడి తాడు పట్టుకుని దిగే దిక్కులోనే గుంజండి. ఒక్కసారిగా కాదు, మెల్లగా బరువు పెంచండి. మట్టిపూత మీద వెంట్రుకంత చీలిక కనబడినా రాయి కదిలినట్టే. కంటికి కనబడని కదలికను మట్టి చెబుతుంది.

ఆ చీలిక చూసి కూడా మొండిగా పని చేయించిన ఒక గని మేస్త్రీ నాకు తెలుసు. ఆ రోజు మా పెదనాన్న కొడుకు కాలు పోయింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

గొర్రెల దారి (తాడిపత్రి) జవాబు:

నవంబరు మంచిదన్న మాటను నేను ఒప్పుకోను. కర్నూలు అన్నగారు తాడు గురించి చెప్పినవన్నీ విలువైనవి, కానీ కడప జిల్లాకు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయిన సంగతి మనమెవరం మరిచిపోలేదు. అంత పెద్ద నదికే అలా వస్తే, రెండు చేతుల వెడల్పున్న వంక ఎంత?

మా నాన్న గొర్రెలు కాసేవారు. చదువుకునే రోజుల్లో సెలవులకు నేనూ వెంట వెళ్లేదాన్ని. మందను వంకలో పడుకోబెట్టనిచ్చేవారు కాదు, ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా సరే. ఒక సాయంత్రం మా నెత్తిన చుక్క పడలేదు, ఎగువన ఎక్కడో ఉరిమింది. కాసేపటికి వంకలోంచి చల్లటి గాలి కొట్టింది, దాని వెనుకే బండ్లు దొర్లుతున్నట్టు మోత. నాన్న కర్ర పడేసి గొర్రెపిల్లలను చంకన పెట్టుకుని గట్టెక్కారు. నీళ్లు ముందు నీళ్లలా రాలేదు. కంపా, ఆకులూ, నురగా కలిసిన గోడలా వచ్చాయి.

అమెరికాలో జరిగినవీ ఇలాంటివే. 1997 ఆగస్టు 12న ఆరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పోయారు, వాన పడింది వాళ్ల మీద కాదు, ఎగువన. 2015 సెప్టెంబరు 14న జయాన్ పార్కులోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు పోయారు. వాళ్ల దగ్గర తాళ్లున్నాయి. ఇరుకులో నీళ్లు వస్తే తాడు ఏం చేస్తుంది?

తమ్ముడూ, ఈసారి వెళ్లినప్పుడు తల ఎత్తి గోడలు చూడు. నీ తలకు ఎంత ఎత్తున గడ్డిపోచలు, పుల్లలు నెర్రెల్లో చిక్కుకుని ఉన్నాయో చూస్తే నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో తెలుస్తుంది. ఆ రుబ్బురోలును అక్కడ పెట్టిందీ ఆ నీళ్లే. పోయిన వానకు అది అక్కడ ఉందో లేదో నీకు తెలియదు కదా. వానలు పోయాక మళ్లీ కొత్తగా చూసుకోవాలి. జనవరి నెల మేలు.

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు, తేనెపట్లు. అంచుల కింద నీడలో పెద్ద కొండతేనె పట్లు పడతాయి. పై నుంచి కనబడవు. ఎదురుగట్టు మీద నుంచి దుర్భిణితో గోడ అంతా వెతికి చూడండి. పట్టు ఉంటే ఆ రోజుకు ఇంటికి పోవడమే. అత్తర్లు, సెంటు నూనెలు పూసుకుని వెళ్లకండి, కింద పొగ పెట్టకండి, కేకలు వేయకండి. కేకలకూ ఈలలకూ బదులు తాడు గుంజే సైగలు ముందే అనుకోండి. నల్లమలలో కొండతేనె దింపేవాళ్లు తాడు కట్టిన చెట్టు దగ్గర నమ్మకమైన మనిషిని కూర్చోబెట్టి గానీ దిగరు. మీరు నలుగురూ దిగిపోతే పైన ఎవరుంటారు? అయిదో మనిషిని వెతుక్కోండి. మీరు ఏ గంటకు బయటికి రావాలో, రాకపోతే ఎవరికి చెప్పాలో అతనికి తెలిసి ఉండాలి. ఆ లోతులో ఫోను పలకదు.

తుంగభద్ర (కర్నూలు):

అక్కా, మీరన్నదే సరి. నేను ఎండ గురించి ఆలోచించి నెల చెప్పాను, వాన గురించి ఆలోచించలేదు. తమ్ముడూ, నవంబరు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పెన్న ఒడ్డు (జమ్మలమడుగు):

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. జవాబు ఆలస్యమైంది, చూసి వచ్చాకే రాద్దామని ఆగాను.

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాం. జువ్విచెట్టు దగ్గర మా బావ కూర్చున్నాడు, సాయంత్రం నాలుగింటికి మేం కనబడకపోతే ఎవరికి ఫోను చేయాలో కాగితం మీద రాసిచ్చాను. మొదటి తాడు తీయలేదు. ఎదురుగట్టు నుంచి చూస్తే తేనెపట్టు లేదు గానీ, పాత పట్టు మరక ఒకటి నల్లగా చేటంత ఉంది, సరిగ్గా రెండో దిగుడుకు కుడిపక్కన.

గోడలు అంచువైపు దగ్గరపడుతున్నాయి, అంతవరకు బాగుంది. రాయి ఖంగుమంది. కుడిగోడా ఖంగుమంది. ఎడమగోడ తట్టినప్పుడు మోత మారింది, చెక్కపెట్టె మీద కొట్టినట్టు. అరచేతికి ఏమీ తెలియలేదు. అయినా మట్టి పూసి, మూడు గంటలు కూర్చున్నాం. ఇద్దరం గుంజాం. కుడివైపు పూత అలాగే ఉంది. ఎడమవైపు చీలింది, అయితే రాయికీ గోడకూ మధ్య కాదు. ఇంకాస్త పైన, గోడ మీదే, జానెడు పొడవున. పెచ్చు మొత్తం కదిలింది.

నలుగురిలో తేలికైనవాణ్ణి నేనే, 58 కిలోలు. చివర దిగాల్సింది నేనే.

బోల్టు అన్న మిత్రుడు ఆ చీలికను వేలితో తడిమి చూసి ఇంకేమీ అనలేదు. అందరం జుమార్ మీద పైకి వచ్చేశాం. తల కంటే రెండు మూరల పైన గడ్డిపోచలు ఉన్నాయి అక్కా, మీరన్నట్టే.

వచ్చేటప్పుడు ఒకటి గమనించాను. రెండో దిగుడుకు పది అడుగుల వెనుక, అడుగున సగం ఇసుకలో కూరుకుని పెద్ద బండ ఉంది, మా నలుగురం కలిసి తోసినా కదల్లేదు. దానికి కడితే ఉచ్చు పొడవుగా చేయాలి, తాడు అంచు మీద ఎక్కువగా ఒరుసుకుంటుంది, లాగేటప్పుడు నొక్కుకుంటుందేమో. జనవరిలో, వాన నీళ్లు పోయి ఇసుక ఎండాక దాని మొదలు తవ్వి చూస్తాను. ఉచ్చును అంచు దాటేదాకా పొడిగించి లింక్‌ను అంచుకు అవతల వేలాడేలా కడితే తాడు సాఫీగా వస్తుందా అన్నా? అలా కట్టినప్పుడు అంచు మీద వెబ్బింగ్ కింద గోనె రెండు మడతలు చాలా, మూడు వేయాలా?